తెరచాప ఓడల మీద పనిచేసినవాళ్లకు మన తీరంలో ఒక చోటు ఇవ్వండి

ఆంధ్రప్రదేశ్ పురావస్తు, మ్యూజియంల శాఖ అధికారులకు, పర్యాటక శాఖ అధికారులకు,

నమస్కారం.

భీమిలి నుంచి కాకినాడ దాకా ఉన్న తీరంలో ఎక్కడో ఒకచోట, పంతొమ్మిదో శతాబ్దపు తెరచాప ఓడల మీద మనుషులు ఏం పని చేశారో, ఎలా బతికారో చూపించే మ్యూజియం కట్టమని అడగడానికి ఈ ఉత్తరం రాస్తున్నాను. అద్దాల పెట్టెలో ఓడ బొమ్మ, పక్కన నాలుగు వాక్యాల బోర్డు, ఎదురుగా సెల్ఫీ పాయింట్ పెట్టడం తేలికే. అక్కడితో ఆగిపోవద్దని నా మనవి. వచ్చినవాళ్లు తాడు పట్టుకుని లాగాలి, తెరచాప గుడ్డ బరువు చేతికి తెలియాలి, నావికుడు పడుకున్న బల్ల మీద ఒక నిమిషం నడుం వాల్చి చూడాలి.

మాది భీమిలి. ఓడల కాలానికి గుర్తుగా మా ఊళ్లో లైట్‌హౌస్ ఉంది, గడియార స్తంభం ఉంది, డచ్చివాళ్ల సమాధులున్నాయి. సమాధుల రాళ్ల మీద చక్కగా చెక్కిన అక్షరాలున్నాయి. అవి ఆ కాలంలో స్తోమత ఉన్నవాళ్ల పేర్లు. ఆ ఓడలకు సరుకు మోసిన పడవవాళ్లకూ, లంగరు ఎత్తినవాళ్లకూ, తెరచాపలు కట్టే కొయ్య మీద నుంచి జారి సముద్రంలో పడిపోయినవాళ్లకూ రాళ్లు లేవు. వాళ్ల గురించి ఎక్కడా ఒక్క ముక్క చెప్పకుండానే మన తీరం చరిత్ర చెప్పేస్తున్నాం. నా బాధ అదే.

ప్రపంచమంతా పేరున్న ఒక ఓడ ఉదాహరణగా తీసుకుంటాను. లండన్ గ్రీనిచ్‌లో ఇప్పుడు మ్యూజియంగా ఉన్న కట్టీ సార్క్ మన తీరానికి వచ్చిన ఓడ. 1882-83 ప్రయాణంలో అది మద్రాసులో, మా భీమిలిలో, కాకినాడలో సరుకు ఎక్కించుకుని లండన్ వెళ్లింది. ఎక్కించుకున్నది తాటిబెల్లం, చెరకు బెల్లం, కరక్కాయలు, ఎర్రచెక్క, జింక కొమ్ములు, గేదె కొమ్ములు. కరక్కాయలు తోళ్లు ఊనడానికి, ఎర్రచెక్క రంగు తీయడానికి, కొమ్ములు దువ్వెనలకూ బొత్తాలకూ కత్తిపిడులకూ. చైనా టీ కోసం పందేలు వేసుకుని పరుగెత్తిన ఓడ మన తాటిబెల్లం కోసం వచ్చి లంగరు వేసిందంటే దానికి కారణం ఉంది. సూయజ్ కాలువ 1869 నవంబరు 17న తెరుచుకుంది. కట్టీ సార్క్ స్కాట్లండ్‌లోని డంబార్టన్‌లో నీళ్లలోకి దిగింది అదే నెల 22న. ఎర్ర సముద్రంలో గాలులు తెరచాపకు కలిసిరావు కాబట్టి కాలువ దారి ఆవిరి ఓడలదైంది. పదేళ్లు తిరక్కుండానే టీ దాదాపు మొత్తం వాటి చేతుల్లోకి పోయింది. తెరచాప ఓడలకు మిగిలినవి తొందర లేని సరుకులు: బొగ్గు, జనుము, కిరోసిన్ డబ్బాలు, ఉన్ని, మన బెల్లం.

రాబడి తగ్గినప్పుడు యజమాని ముందు కోత పెట్టేది మనుషుల మీదే. 1880లో కట్టీ సార్క్ కొయ్యలను కురచ చేయించారు. గుడ్డ తగ్గితే నడిపే చేతులు కూడా తగ్గించవచ్చని. ఆ ఏడాదే ఆ ఓడ మీద మేట్, అంటే కెప్టెన్ కింది అధికారి, సిడ్నీ స్మిత్ ఒక నావికుణ్ణి కొట్టి చంపాడు. చనిపోయినవాడు జాన్ ఫ్రాన్సిస్, నల్లజాతి మనిషి. కెప్టెన్ వాలెస్ ఆ మేట్‌ని తప్పించుకుపోనిచ్చాడు. నావికులు పని మానేశారు. కొన్ని రోజులకు వాలెస్ సముద్రంలోకి దూకి చచ్చిపోయాడు. తరువాత వచ్చిన కెప్టెన్ బ్రూస్ కాలంలో తిండి చాలక నావికులు అవస్థ పడ్డారు. 1882లో న్యూయార్క్‌లో విచారణ జరిపి అతణ్ణి తొలగించారు. మూర్ అనే కొత్త కెప్టెన్ వచ్చాక చేసిన మొదటి ప్రయాణంలోనే ఓడ మన తీరానికి వచ్చింది. అందమైన ఓడ అని మనం ఫొటో చూసి మురిసిపోయే దాని వెనక ఇంత ఉంది. మ్యూజియం కడితే ఇది దాచకుండా చెప్పండి.

ఇక అసలు పని సంగతి. మీరు నియమించే డిజైనర్లకు ముందుగా ఇది అర్థం కావాలి కాబట్టి కాస్త వివరంగా రాస్తాను.

ఓడ మీద మనుషుల్ని రెండు జట్లుగా విడదీసేవాళ్లు. నాలుగు గంటలు ఒక జట్టు పని, నాలుగు గంటలు రెండో జట్టు. పగలూ రాత్రీ, వానా ఎండా అన్న తేడా లేదు. రోజుకు నాలుగు గంటల వంతులు ఆరు వస్తాయి, అంటే సరిసంఖ్య. అలాగే వదిలేస్తే ఎప్పుడూ ఒకే జట్టుకు అర్ధరాత్రి పని పడుతుంది. అందుకని సాయంత్రం నాలుగు నుంచి ఎనిమిది దాకా ఉన్న వంతును రెండు గంటల చొప్పున రెండు ముక్కలు చేశారు. దాంతో వంతులు ఏడయ్యాయి, రోజు మార్చి రోజు నిద్ర వేళ మారేది. అరగంటకోసారి గంట కొట్టేవాళ్లు, గంట ఎనిమిదిసార్లు మోగితే వంతు మారినట్టు. నెలల తరబడి నాలుగు గంటలకు మించి ఒక్క కునుకు లేదు. గాలి తిరిగితే అదీ లేదు, అందరూ పైకి రావలసిందే. వడ్రంగి, వంటవాడు, తెరచాపలు కుట్టేవాడు, సామాన్లవాడు మాత్రం పగలు పనిచేసి రాత్రి పడుకునేవాళ్లు.

చుక్కాని దగ్గర ఒక్కొక్కరికి మామూలుగా రెండు గంటల వంతు. ముందు వైపు ఒకడు చీకట్లోకి చూస్తూ నిలబడాలి. మిగిలినవాళ్లు తాళ్ల దగ్గర. కట్టీ సార్క్ మీద తాళ్లన్నీ కలిపితే సుమారు 18 కిలోమీటర్ల పొడవు. పెద్ద కొయ్య ఎత్తు దాదాపు 46 మీటర్లు. తెరచాపలు 32. వీటన్నిటికీ ఉన్నది ముప్పై మంది, అటూ ఇటూ. ప్రతి తాడూ ఎక్కడ కట్టి ఉందో చీకట్లో చేత్తో తడిమి గుర్తుపట్టాలి. పొరపాటున వేరే తాడు వదిలితే పైన ఉన్నవాడి ప్రాణం పోతుంది. కొత్తగా చేరిన కుర్రాడు ముందు నేర్చుకునే చదువు ఇదే. పద్నాలుగు, పదిహేనేళ్ల పిల్లల్ని నాలుగేళ్ల ఒప్పందం మీద పంపేవాళ్లు. తల్లిదండ్రులే యజమానికి డబ్బు ఎదురు కట్టిన సందర్భాలు ఎన్నో.

తెరచాప ముడవడం అన్నిటికంటే గట్టి పని. తాడు నిచ్చెన పట్టుకుని పైకి ఎక్కి, అడ్డకొయ్య కింద వేలాడే ఒక్క తాడు మీద పాదాలు ఆనించి, కొయ్య మీద పొట్ట వాల్చి రెండు చేతులతో గుడ్డను లాగి చుట్టాలి. ఆ గుడ్డ నార బట్ట. తడిస్తే చెక్కలాగా బిగుసుకుపోతుంది. గాలి లోపల దూరి ఉబ్బి ఉంటుంది, వేళ్లకు పట్టు దొరకదు, గోళ్లు ఊడివచ్చేవి. కింద ఓడ పక్కకు ఒరిగితే కాళ్ల కింద డెక్కు ఉండదు, నల్లని నీళ్లుంటాయి. ఒక చేయి ఓడకు, ఒక చేయి నీకు అని పెద్దవాళ్లు చెప్పేవాళ్లు. పైన పనికి రెండు చేతులూ కావలసి వస్తే ఆ మాట ఎలా నిలబడుతుంది? ఆఫ్రికా దక్షిణ కొస చుట్టూ తిరిగి వచ్చే ప్రతి ప్రయాణంలోనూ ఈ గండం ఉండేది. కాకినాడ నుంచి బెల్లం ఎక్కించుకున్న ఓడ లండన్ చేరడానికి పట్టిన సుమారు నాలుగు నెలల్లో ఈ పని ఎన్నిసార్లు జరిగి ఉంటుందో ఊహించండి.

గాలి నిలకడగా ఉన్న రోజుల్లో కూర్చోనిచ్చేవాళ్లని అనుకోవద్దు. ఇసుకరాయితో డెక్కు రుద్దాలి. పాత తాళ్లను పీచుగా విడదీసి పలకల సందుల్లో కూరి తారు పోయాలి. ఒరుసుకుపోయిన చోట తాళ్లకు గుడ్డ చుట్టాలి. వంటింట్లో మిగిలిన కొవ్వు తీసుకుపోయి కొయ్యలకు పూయాలి. పాత తెరచాపలు దించి చినుగులు కుట్టాలి, గాలి తీవ్రంగా ఉండే ప్రాంతాలకు చేరేముందు మళ్లీ గట్టివి ఎక్కించాలి. చెక్క ఓడ అయితే ప్రతి రోజూ పంపు తిప్పి అడుగున చేరిన నీళ్లు తోడాలి. తోడడం ఆపితే ఓడ ఉండదు. ఈ బరువు పనులన్నీ పాట మీద నడిచేవి. ఒకడు చరణం ఎత్తుకుంటే మిగిలినవాళ్లు పల్లవిలో ఒకే మాట దగ్గర కలిసి లాగేవాళ్లు. లంగరు చుట్టడానికి ఒక రకం పాట, తెరచాప ఎత్తడానికి ఇంకో రకం, పంపుకు మరో రకం. హైలెస్సా అంటూ వల లాగే మన గంగపుత్రులకు ఇది ఎవరూ వివరించక్కర్లేదు.

తిండి ఉప్పులో ఊరిన గొడ్డు మాంసం, పంది మాంసం, బఠాణీ చారు, రాయిలాంటి బిస్కెట్లు. బిస్కెట్లలో పురుగులుంటాయి, తట్టి దులుపుకుని తినాలి. మనిషికి రోజుకు మూడు క్వార్టుల నీళ్లు, అంటే సుమారు మూడున్నర లీటర్లు. తాగడానికీ వంటకూ అన్నిటికీ అవే. ఉప్పు మాంసం తిని, భూమధ్యరేఖ దగ్గర గాలి ఆగిపోయి ఓడ కదలని ఎండలో, అన్ని నీళ్లతో గడపాలి. పచ్చి తిండి లేక చిగుళ్లు వాచి పళ్లు ఊడే జబ్బు రాకుండా నిమ్మరసం ఇవ్వాలని చట్టముండేది. 1867లో ఆ చట్టాన్ని కాస్త గట్టిపరిచారు. జీతం మామూలు నావికుడికి నెలకు మూడు పౌండ్లు, అటూ ఇటూ. అందులో కొంత ఓడ ఎక్కకముందే రేవుల్లోని బస ఇళ్లవాళ్లు అప్పుల కింద రాబట్టుకునేవాళ్లు.

పనితనం ఎలాంటిదో చెప్పడానికి ఒక్క సంఘటన చాలు. 1872లో కట్టీ సార్క్, థర్మాపిలే అనే మరో టీ ఓడతో పోటీగా వస్తుండగా హిందూ మహాసముద్రంలో చుక్కాని ఊడిపోయింది. ఓడలో యజమాని సోదరుడున్నాడు, దగ్గర్లోని రేవుకు పోదామన్నాడు. కెప్టెన్ మూడీ ఒప్పుకోలేదు. వడ్రంగి హెన్రీ హెండర్సన్ ఓడలో ఉన్న అదనపు కొయ్యలు కోసి, ఊగిసలాడుతున్న డెక్కు మీదే కొలిమి పెట్టి ఇనుప ముక్కలు సాగగొట్టి, కొత్త చుక్కాని చేశాడు. నిప్పుల కుంపటి ఒకసారి బోర్లా పడింది కూడా. దాదాపు వారం ఈ పని నడిచింది. ఆ చుక్కానితోనే ఓడ లండన్ చేరింది, థర్మాపిలే కంటే ఒక వారం వెనకగా. పందెం ఓడిపోయిన ప్రయాణమే ఇవాళ్టికీ అందరూ చెప్పుకునే ప్రయాణం, హెండర్సన్ చేతుల వల్ల.

ఇదంతా సముద్రం మధ్యలో జరిగిన కథ. ఇందులో మన భాగం ఒడ్డు దగ్గర మొదలవుతుంది. దీనికి మ్యూజియంలో పెద్ద గది కేటాయించమని ప్రత్యేకంగా అడుగుతున్నాను.

విశాఖపట్నంలో లోపలి హార్బరు 1933లో గానీ రాలేదు. తెరచాప ఓడల కాలంలో మద్రాసు నుంచి భీమిలి దాకా పెద్ద ఓడలు ఒడ్డుకు రాలేకపోయేవి. దూరంగా లంగరు వేసి నిలబడేవి. కాకినాడ దగ్గర గోదావరి మేట వల్ల ఇంకా దూరం. ఓడకూ ఒడ్డుకూ మధ్య ఉన్న ఆ నీళ్లు దాటించింది మన పడవవాళ్లే. మసూలా పడవలని ఇంగ్లీషువాళ్లు రాసుకున్న ఆ పడవలకు ఒక్క మేకు కూడా ఉండేది కాదు. పలకలకు చిల్లులు వేసి, సందుల్లో గడ్డి వత్తు పెట్టి, కొబ్బరి పీచు తాడుతో కుట్టేవాళ్లు. మేకులు కొట్టిన గట్టి పడవ మన తీరపు కెరటం మీద పడితే పగిలిపోతుంది, కుట్టిన పడవ వంగి, లొంగి, మళ్లీ లేస్తుంది. ఇంగ్లండ్ నుంచి వచ్చిన ఎంత గొప్ప ఓడ కెప్టెన్ అయినా తన పడవ దించకుండా మనవాళ్ల పడవ కోసం ఎదురు చూసేవాడు. కెరటాలు ఒకదాని వెనక ఒకటి విరుచుకుపడుతుంటే, వెనక నిలబడ్డ తెడ్డువాడు లెక్క కట్టి, ఏ కెరటం వీపు మీద ఎక్కాలో చెప్పేవాడు. తెప్ప మీద ఒక్కడే వెళ్లి, తాటాకు టోపీలో ఉత్తరం తడవకుండా ఓడకు అందించే మనుషులు మద్రాసులో ఉండేవాళ్లు.

భీమిలి బెల్లం బస్తా లండన్‌లో దిగేముందు ఎన్ని చేతులు మారిందో చూపిస్తే, ఆ చేతుల్లో మొదటివి మన తీరం మనుషులవి. తాటిచెట్టు ఎక్కినవాడు, బెల్లం వండిన ఆడవాళ్లు, బస్తా మోసిన కూలీ, పడవ నడిపిన వాడబలిజ, జాలరి కుటుంబాలు. బస్తా తడిస్తే నష్టం ఎవరిదన్న తగాదా కూడా ఆ ఇసుక మీదే జరిగి ఉంటుంది.

ఇక కోరంగి. గోదావరి పాయ ఒడ్డున ఉన్న కోరంగి, తాళ్లరేవు ఒకప్పుడు ఓడలు కట్టిన ఊళ్లు. బాగుచేయడానికి పెద్ద ఓడల్ని పైకి తెచ్చుకోగల చోట్లు ఈ తూర్పు తీరంలో అప్పట్లో బహు తక్కువ, వాటిలో ఇదొకటి. ఇక్కడ కట్టిన ఓడలు రంగూన్‌కూ మౌల్మేన్‌కూ కలకత్తాకూ తిరిగేవి. బర్మాలోనూ మారిషస్‌లోనూ తెలుగువాళ్లను కోరంగీలని పిలిచారంటే ఈ రేవు ఎందరిని సముద్రం దాటించిందో తెలుస్తుంది. 1789 డిసెంబరులో ఒక తుపాను, 1839 నవంబరులో ఇంకో తుపాను ఆ ఊరి మీద సముద్రాన్ని తెచ్చి పోశాయి. ఆ తరువాత కోరంగి మళ్లీ పూర్వంలా లేవలేదు. కలకత్తాలో ఉండి తుపానుల మీద పరిశోధన చేసిన హెన్రీ పిడింగ్టన్ 1789 కోరంగి తుపాను గురించి రాశాడు. సైక్లోన్ అనే పేరు పెట్టింది ఆయనే, 1848లో. చనిపోయినవాళ్ల సంఖ్య మీద పుస్తకాల్లో చాలా పెద్ద అంకెలు తిరుగుతున్నాయి. రుజువులు చూడకుండా వాటిని బోర్డుల మీదకు ఎక్కించవద్దని మనవి. ఊరు పోయిందన్న నిజమే చాలినంత బరువైనది.

ఆ నావికులకు తుపాను అంటే ఏమిటో కూడా చూపించాలి. లంగరు మీద ఉన్న తెరచాప ఓడకు ఒడ్డు శత్రువు. గాలి ఒడ్డు వైపు తోస్తుంటే లంగరు జారితే అంతే సంగతులు. అందుకని మద్రాసు రేవులో తుపాను జాడ కనబడగానే లంగరు తాడు వదిలేసి, లోతు సముద్రంలోకి పారిపొమ్మని ఓడలకు సంకేతం ఇచ్చేవాళ్లు. ఒడ్డున ఉన్నవాళ్లు ఇంట్లోకి పరుగెడుతుంటే వీళ్లు తుపానులోకి ఎదురు వెళ్లాలి.

లస్కర్ల గురించి రాయకపోతే ఈ ఉత్తరం సగమే అవుతుంది. ఇంగ్లీషు జెండా కింద నడిచిన ఓడల్లో హిందూ మహాసముద్రం చుట్టుపక్కల దేశాల నావికులు లస్కర్లన్న పేరుతో వేలమంది పనిచేశారు. వాళ్లకు పెద్ద సరంగు, అతని కింద టిండేలు, వంటకు భండారీ. గోదావరి లాంచీల మీద సరంగు అన్న పిలుపు మనకు కొత్త కాదు. మనిషిని పనిలో పెట్టించేది రేవులోని సరంగులే, పెట్టించినందుకు కమీషన్ పట్టుకునేవాళ్లు, ముందే అప్పిచ్చి కట్టిపడేసేవాళ్లు. తెల్ల నావికుడి జీతంలో మూడో వంతు, అంతకంటే తక్కువ కూడా ఇచ్చేవాళ్లు. సామ్రాజ్యం తమదే అన్నవాళ్లు 1823 చట్టంలో వీళ్లను బ్రిటిష్ నావికుల లెక్కలోకి రానివ్వలేదు. లండన్‌లో ఓడ దిగాక తిరుగు ప్రయాణం దొరక్క, చలికి, ఆకలికి వీధుల్లో చనిపోయినవాళ్లున్నారు. ఆ గోల పెరిగాకే 1857లో లైమ్‌హౌస్‌లో ఆసియా నావికుల కోసం వసతి గృహం తెరిచారు. ఇందులో తెలుగువాళ్లు ఎందరు, ఏ ఊరివాళ్లు అన్నది వెతికి తేల్చవలసిన పని. అది మీ చేతిలో ఉంది.

వెతకడానికి దారులున్నాయి. బ్రిటిష్ వ్యాపార ఓడల సిబ్బంది ఒప్పందాలు, అంటే ఎవరు ఎక్కడ ఎక్కారు, ఎంత జీతం, ఎక్కడ దిగారు, ఎవరు దారిలో చనిపోయారు అని రాసిన కాగితాలు, కుప్పలుగా మిగిలి ఉన్నాయి. 1863 నుంచి 1938 దాకా ఉన్నవాటిలో దాదాపు 70 శాతం కెనడాలో, న్యూఫౌండ్లండ్‌లోని మెమోరియల్ విశ్వవిద్యాలయంలో ఉన్నాయి. అయిదుతో ముగిసే సంవత్సరాలవి గ్రీనిచ్‌లోని నేషనల్ మారిటైమ్ మ్యూజియంలో ఉన్నాయి. మద్రాసు ప్రెసిడెన్సీ రేవుల రికార్డులు చెన్నైలోని తమిళనాడు ఆర్కైవ్స్‌లో వెతకాలి. ఆంధ్ర విశ్వవిద్యాలయం చరిత్ర విభాగం నుంచి ఇద్దరు పరిశోధక విద్యార్థులకు ఫెలోషిప్ ఇచ్చి ఈ పని అప్పగిస్తే, మ్యూజియం గోడ మీద పెట్టడానికి అసలైన పేర్లు దొరుకుతాయి. భవనం ఖర్చుతో పోలిస్తే అది పెద్ద ఖర్చే కాదు.

ఇలాంటి మ్యూజియం ఆడుతుందా, జనం వస్తారా అని మీరు అడగవచ్చు. జవాబు విశాఖ బీచ్ రోడ్డులోనే ఉంది. 2001లో నౌకాదళం నుంచి విరమించిన కుర్సురా సబ్‌మెరైన్‌ను 2002లో ఒడ్డుకు లాగి మ్యూజియం చేశారు. అక్కడికి పిల్లలు ఎందుకు ఎగబడతారో గమనించండి. లోపల మాజీ నావికులే నిలబడి, ఇక్కడ పడుకునేవాళ్లం, ఇక్కడ వండుకునేవాళ్లం, ఈ చక్రం తిప్పితే నీళ్లు లోపలికి వస్తాయి అని చెబుతారు. తల వంచి ఒక గదిలో నుంచి ఇంకో గదిలోకి దూరేటప్పుడు ఆ బతుకు ఒంటికి తెలుస్తుంది. యంత్రాన్ని మనుషుల పనిగా చూపించడం మనకు చేతనైన విద్యే. తెరచాప ఓడకూ అలాగే చేయమంటున్నాను. గ్రీనిచ్‌లో కట్టీ సార్క్ మీద ఇప్పుడు నడుముకు తాడు కట్టి సందర్శకుల్ని కొయ్య మీదకు ఎక్కనిస్తున్నారు కూడా. అమెరికాలో మిస్టిక్ సీపోర్ట్ అనే చోట 1841 నాటి తిమింగలాల వేట ఓడను కాపాడుకుని, పాటలు పాడుతూ తెరచాప ఎత్తడం చేసి చూపిస్తారు.

మనకు అసలు ఓడ మిగల్లేదు. అందుకని నకిలీ ఓడ మొత్తం సిమెంటుతో పోయవద్దు, అది నా గట్టి విన్నపం. ఒక్క ముక్క చాలు. నిజమైన కొలతలతో ఒక కొయ్య, నేలకు మూడు మీటర్ల ఎత్తులో ఒక అడ్డకొయ్య, కింద వల. నార బట్టతో కుట్టిన ఒక తెరచాప. పదిమంది కలిసి తిప్పే లంగరు యంత్రం, చేతిపంపు, ఒక పొయ్యి, ఆరడుగుల లోపు పొడవున్న పడక బల్లలు. ఇవి చేయడానికి తాళ్లరేవు చుట్టుపక్కల చెక్క పడవలు కట్టే వడ్రంగులను పిలవండి, టెండరులో ఎక్కడో ఉన్న ఈవెంట్ కంపెనీకి ఇవ్వకండి. వాళ్లు కడుతుండగానే జనాన్ని రానిచ్చి చూపించండి. కట్టడమే సగం ప్రదర్శన. పక్కనే ఒక కుట్టిన పడవ తయారు చేయించి, వారానికి ఒకసారైనా నీళ్లలోకి దించండి. ఆ కుట్టు తెలిసినవాళ్లు తీరంలో ఇంకా ఎక్కడైనా ఉన్నారేమో ఇప్పుడే వెతకాలి.

ఒక చిన్న విషయం కూడా. కాకినాడ దగ్గర లంగరు వేసిన ఓడల పక్కల మీద ఒక గుండ్రని గీత, మధ్యలో అడ్డగీత కనిపిస్తాయి. అంతకు మించి మునిగేలా సరుకు ఎక్కించకూడదని దాని అర్థం. పాత ఓడలకు భారీగా బీమా చేసి, మోయలేనంత సరుకు ఎక్కించి పంపే యజమానుల మీద శామ్యూల్ ప్లిమ్సాల్ అనే ఎంపీ ఏళ్ల తరబడి పోరాడితే 1876లో ఆ గీత చట్టమైంది. అయినా ఎక్కడ గీయాలన్నది యజమాని ఇష్టానికే వదిలారు, 1890లో గానీ ప్రభుత్వం ఆ చోటు నిర్ణయించలేదు. పడవ ఎక్కి ఓడల్ని చూడడానికి వెళ్లే పర్యాటకులకు పడవవాళ్లు ఈ ఒక్క గీత సంగతి చెప్పినా చాలు. దీనికి మ్యూజియం కట్టేదాకా ఆగనక్కర్లేదు, ఒక్క రోజు శిక్షణ చాలు.

బోర్డులన్నీ ముందు తెలుగులో రాయించండి, తరువాత వేరే భాషల్లోకి మార్పించండి. గైడ్లుగా మర్చంట్ నేవీలో పనిచేసి వచ్చినవాళ్లనూ, మత్స్యకార కుటుంబాల పిల్లలనూ తీసుకోండి. మ్యూజియం సలహా సంఘంలో చరిత్రకారులతో పాటు పడవ కట్టే మేస్త్రీ, తీరం మీద బతికే ఆడవాళ్లు కూడా ఉండాలి.

డబ్బు, స్థలం, అనుమతులు తేలడానికి సంవత్సరాలు పట్టవచ్చు. ఈలోగా చేయగలిగినది ఒకటుంది. భీమిలి, ఉప్పాడ, కోరంగి, తాళ్లరేవు, నరసాపురం, మచిలీపట్నం ఊళ్లలో పెద్దవాళ్లు తమ తాతల దగ్గర విన్న ఓడ మాటలు, పడవ పాటలు, తాళ్ల ముడుల పేర్లు ఇంకా చెప్పగలరు. ఒక రికార్డరు, ఒక కెమెరా ఇచ్చి ఇద్దరు మనుషుల్ని ఈ వేసవిలోనే పంపండి. భీమిలిలో వాళ్లకు దారి చూపించడానికి, ఎవరింటికి వెళ్లాలో చెప్పడానికి నేను సిద్ధంగా ఉన్నాను.

ఇట్లు,
మీ విధేయుడు,
భీమునిపట్నం వాసి